కుక్క గుండెలో పురుగు – తక్కువ ఖర్చుతో వైద్యం

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)

బోదకాలు అంటే మనలో తెలియనివారు ఉండరు. గోదావరి జిల్లాల నుండి, శ్రీకాకుళం వైపు నుండి మన హాస్టల్‌కు వచ్చినవారికి ఇంకా బాగా తెలుసు. దోమ కుట్టినప్పుడు దారంలాంటి ఒక సన్నని పురుగు పిల్ల మనిషి శరీరంలో చేరి, శోషరస నాళాల్లో పెరిగి, కాలును వాచిపోయేలా చేస్తుంది. దాని పేరు ఉచెరేరియా బాంక్రాఫ్టి. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారు దాని జీవిత చరిత్రను పటం గీసి మరీ రాసి ఉంటారు. ఆ పురుగుకు దగ్గర బంధువు ఒకటి ఉంది. అది కాలి జోలికి పోదు. కుక్క గుండె కుడి భాగంలోను, అక్కడి నుండి ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తనాళంలోను నివసిస్తుంది. శాస్త్రీయ నామం డైరోఫైలేరియా ఇమ్మిటిస్. ఇంగ్లీషులో హార్ట్‌వార్మ్ అంటారు. మనం గుండె పురుగు అందాము.

ఆడ పురుగు 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, అనగా మన స్కేలంత. మగది దానిలో సగం పైచిలుకు. ఇలాంటివి పది, ఇరవై ఒక కుక్క గుండెలో చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ కుక్క గతి ఏమిటో ఊహించుకోండి. మొదట పొడి దగ్గు, కొంచెం పరుగెత్తితే ఆయాసం. తర్వాత బరువు తగ్గడం. ముదిరితే పొట్టలో నీరు చేరడం. వైద్యం లేకపోతే చాలా కుక్కలు గుండె పనిచేయక చనిపోతాయి.

ఈ పాఠం మేము పుస్తకంలో కంటే ముందు బుడమ్మ దగ్గర నేర్చుకున్నాము. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు మన హాస్టల్ నుండి కొందరం నీళ్ళ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పంచడానికి వెళ్ళాము. ఒక మేడ మెట్ల మీద చిక్కుకుపోయిన ఆడ కుక్కను తెచ్చింది అప్పుడే. బుడమేరులో దొరికింది కాబట్టి పిల్లలు బుడమ్మ అని పేరు పెట్టారు. వరద నీరు తాగింది, అందుకే దగ్గుతోంది అని అందరూ అనుకున్నారు. నెల గడిచినా దగ్గు తగ్గలేదు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. దోమ ఒక జబ్బు కుక్క రక్తం పీల్చినప్పుడు దానితోపాటు పురుగు పిల్లలు, అనగా మైక్రోఫైలేరియాలు, దోమ కడుపులోకి వెళతాయి. వాతావరణం వెచ్చగా ఉంటే సుమారు రెండు వారాలలో అవి అంటుకునే దశకు వస్తాయి. ఆ దోమ ఇంకో కుక్కను కుట్టినప్పుడు లోపలికి దిగి, చర్మం కింద, కండరాలలో తిరుగుతూ పెరిగి, గుండె చేరి, పిల్లలను పెట్టడానికి ఆరేడు నెలలు పడుతుంది. అప్పటి నుండి ఐదు నుండి ఏడేళ్ళు బతుకుతాయి. కావున సెప్టెంబరులో దొరికిన కుక్క రక్తంలో అక్టోబరులో పురుగు పిల్లలు కనపడ్డాయంటే ఆ దోమ కుట్టింది వరదల్లో కాదు, దానికి చాలా ముందే. బుడమేరు మీద వేసిన నింద ఈ ఒక్క విషయంలో తప్పు.

ఈ జబ్బు కుక్కను ముట్టుకుంటే, దాని పక్కన పడుకుంటే అంటదు. మధ్యలో దోమ ఉండాల్సిందే. మనుషులకు దోమ ద్వారా ఎప్పుడో అరుదుగా సోకినా అది మనలో పూర్తిగా ఎదగదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. గుండె పురుగు అనే మాట బయటకు పొక్కగానే హాస్టల్‌లో సగం మంది కుక్కను బయట వదిలేయమన్నారు. నిజంగా భయపడాల్సింది రేబిస్‌కు. కాబట్టి బుడమ్మకు మొదట వేయించింది రేబిస్ టీకా. ఏ కుక్క కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు ధారగా పారే నీటిలో కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ టీకా ఉచితం.

పరీక్షల సంగతి

మేము మొదట తీసుకెళ్ళింది దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కు. అక్కడ రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూసి, పురుగు పిల్లలు ఉన్నాయి, గుండె పురుగు అయి ఉంటుంది, వైద్యానికి ఇరవై ఐదు నుండి ముప్పై వేలు సిద్ధం చేసుకోండి అన్నారు. అంత డబ్బు మాలో ఎవరి ఇంట్లోనూ ఒక్కసారిగా చూసినవారు లేరు. మా నాన్నగారు మేకలు కాస్తారు. ఆ డబ్బుకు రెండు, మూడు మేకలు వస్తాయి.

అప్పుడు మా సీనియర్ అన్న ఒకరు గన్నవరం వెళ్ళమన్నారు. అక్కడ 1998లో మొదలైన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. పశువైద్య కళాశాల అంటే దాని పక్కన బోధనా ఆసుపత్రి ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. గేదెలకు, ఆవులకే అనుకుంటారు. కుక్కలను, పిల్లులను కూడా చూస్తారు. చీటీ రుసుము తక్కువ. చదువుకునే విద్యార్థులు పక్కనే నిలబడి చూస్తారు కాబట్టి ప్రొఫెసర్లు ప్రతి విషయం విడమరచి చెబుతారు. మాకు అది ఒక క్లాసులా ఉపయోగపడింది.

అక్కడ మేడమ్ గారు మొదట చెప్పిన మాట ఇది: రక్తంలో పురుగు పిల్ల కనపడినంత మాత్రాన గుండె పురుగు అని తీర్మానించకూడదు. మన దేశంలో గుండె పురుగు ఎక్కువగా కనిపించేది అస్సాం, మిజోరం వంటి ఈశాన్య రాష్ట్రాలలో. దక్షిణాదిన, ముఖ్యంగా కేరళ వైపు, దాని తోబుట్టువు డైరోఫైలేరియా రెపెన్స్ ఎక్కువ. అది గుండెలో కాదు, చర్మం కింద ఉంటుంది, అంత ప్రాణాంతకం కాదు. ఇంకొకటి ఈగలాంటి చిన్న పురుగుల వల్ల, అనగా కుక్క ఒంటి మీద గెంతే మిణ్ణల్లుల వల్ల వస్తుంది, దానితో దాదాపు హాని లేదు. మూడింటి పిల్లలూ రక్తపు చుక్కలో పాము పిల్లల్లా మెలికలు తిరుగుతూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే నాట్ పరీక్ష చేయాలి. ఒక మి.లీ. రక్తాన్ని 9 మి.లీ. 2 శాతం ఫార్మలిన్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన దానికి మిథిలీన్ బ్లూ రంగు వేసి, పొడవు కొలిచి, తల, తోక ఆకారం చూస్తారు. గుండె పురుగు పిల్ల పొడవు సుమారు 300 మైక్రాన్లు. పరికరాలు డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో ఉండేవే. ఖర్చు లేదు, ఓపిక కావాలి.

ఆ తర్వాతే యాంటిజెన్ కిట్. గర్భ పరీక్ష పట్టీ లాంటిదే, రెండు గీతలు వస్తే ఆడ పురుగులు ఉన్నట్లు. దానికి మాకు 1,600 రూపాయలు అయింది. మొదటే ఈ కిట్ చేయించడం కంటే చవకైన పరీక్షలు ముందు, ఖరీదైనది చివర అన్న వరుస మాకు చాలా నచ్చింది. మన ప్రాంతంలో దగ్గు, నీరసం, చిగుళ్ళు పాలిపోవడం అంటే గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం కూడా కావచ్చు. అందుకని అదే రక్తంలో దానినీ చూశారు. బుడమ్మకు అది లేదు. గుండె పురుగే ఉంది. మేడమ్ గారికి కూడా ఆశ్చర్యమే.

వైద్యం ఎలా చేశారు

అమెరికన్ హార్ట్‌వార్మ్ సొసైటీ చెప్పే పద్ధతిలో పెద్ద పురుగులను చంపడానికి మెలార్సొమిన్ అనే ఆర్సెనిక్ సంబంధమైన ఇంజెక్షన్ ఉంది. వైద్యం మొదలైన 60వ రోజు ఒకటి, 90, 91వ రోజుల్లో ఒక్కొక్కటి, నడుము కండరంలో లోతుగా వేస్తారు. అన్నిటికన్నా నమ్మకమైన మందు అదే. కానీ మన మందుల దుకాణాలలో అడిగితే దొరికేది కాదు. బయటి దేశం నుండి తెప్పించడం మన తాహతుకు మించిన పని. మేడమ్ గారు రెండో దారి చెప్పారు. దాని లోపం కూడా అప్పుడే చెప్పారు. పురుగులు ఒక్కసారిగా చావవు, ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, ఈలోపు ఊపిరితిత్తులకు నష్టం జరుగుతూనే ఉంటుంది. వీలున్నవారికి ఇది మొదటి దారి కాదు. మాకు ఉన్నది ఇదే.

ఈ దారిలో మొదటి మందు డాక్సీసైక్లిన్. పురుగుకు బ్యాక్టీరియా మందు ఎందుకు? మాకూ ఇదే సందేహం వచ్చింది. ఈ పురుగుల ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. అది లేకపోతే పురుగు బలహీనపడుతుంది, ఆడ పురుగుకు పిల్లలు పుట్టవు. కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, 28 రోజులు. అప్పుడు బుడమ్మ బరువు సరిగ్గా పది కిలోలు. కాబట్టి పూటకు 100 మి.గ్రా. కాప్సూల్ ఒకటి, మొత్తం 56. ఇది మనుషులు వాడే మందే. జన ఔషధి దుకాణంలో ఆరు పట్టీలు 130 రూపాయలకు వచ్చాయి. ముప్పై వేల జబ్బుకు అసలు మందు 130 రూపాయలు!

ఇది చదివి ఎవరూ సొంతంగా మందు వేయవద్దని మనవి. కారణం రెండో మందు, ఐవర్‌మెక్టిన్. నెలకు ఒకసారి, కిలోకు 6 మైక్రోగ్రాములు. బుడమ్మకు 60 మైక్రోగ్రాములు అన్నమాట. మందుల షాపులో దొరికే మాత్ర 6 మిల్లీగ్రాములది, అంటే 6,000 మైక్రోగ్రాములు. నూరు వంతులు ఎక్కువ. మా ఊళ్ళో గొర్రెలకు, మేకలకు వేసే ఇంజెక్షన్‌లో ఒక మి.లీ.కి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ లెక్కన బుడమ్మకు కావలసింది 0.006 మి.లీ., చుక్కలో చిన్న భాగం. మా నాన్నగారితో ఫోనులో చెబితే, మేకకు వేసినట్టు సూదితో కొద్దిగా వేసేయండిరా అన్నారు. ఆయన అనుభవం మేకల వరకు నూటికి నూరు పాళ్ళు సరైనదే. కానీ రక్తం నిండా పురుగు పిల్లలు ఉన్న కుక్కకు మోతాదు ఎక్కువైతే అవన్నీ ఒక్కసారిగా చచ్చి కుక్క షాక్‌లోకి వెళ్ళవచ్చు. కోలీ జాతి కుక్కలకైతే పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ మెదడుకే విషం. అందుకే డాక్టర్లు మందును పలుచన చేసి, కొలిచి వేశారు. మొదటిసారి వేసిన రోజు సాయంత్రం దాకా ఆసుపత్రిలోనే ఉంచుకుని చూశారు.

అలాగే బోదకాలు మాత్రలు. ప్రభుత్వం ఇంటింటికీ పంచినప్పుడు మిగిలినవి చాలా ఇళ్ళలో ఉంటాయి. ఇదీ దోమ పురుగే కదా అని కుక్కకు వేస్తే ప్రాణం పోవచ్చు. రక్తంలో పురుగు పిల్లలు ఉన్న కుక్కకు ఆ మాత్ర ఇవ్వకూడదు. ఆ మాత్రలోని డైఇథైల్ కార్బమజైన్ వెనక మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధనల నుండి 1947లో ఆ మందు వచ్చింది. 1987లో అమెరికాలో కుక్కలకు నెలవారీ ఐవర్‌మెక్టిన్ రాకముందు, జబ్బు లేని కుక్కలకు గుండె పురుగు రాకుండా రోజూ ఇచ్చిన మందు ఇదే. ఇంకో విశేషం, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన ఆధ్వర్యంలోని ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ కనిపెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడు సుబ్బారావు గారు పోయారు. మనం పట్టీ చించి వేసిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాత పుట్టినదే. ఐవర్‌మెక్టిన్ కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్ గార్లకు 2015లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారికి రాలేదు. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళు ఈ పేరా గుర్తుపెట్టుకుంటే ఉపయోగం.

ఖర్చు, కోడిగుడ్డు

మొదటి మూడు నెలల లెక్క మెస్ కమిటీ పుస్తకంలాగే రాసి పెట్టాము. గన్నవరానికి నాలుగుసార్లు ట్రాలీ ఆటో 2,800. యాంటిజెన్ కిట్ 1,600. ఎక్స్‌రే, ఇతర రక్త పరీక్షలు 900. టీకాలు 350. గోమార్ల మందు 250. డాక్సీసైక్లిన్ 130. మిగతా మాత్రలు 70. మొత్తం 6,100 రూపాయలు. మందుల కంటే బండి కిరాయి ఎక్కువ కావడం చూడండి. మామూలు ఆటోవాళ్ళు కుక్కను ఎక్కించుకోరు. తర్వాత నెలల్లో, కూరగాయలు దించి ఖాళీగా గన్నవరం వైపు వెళ్ళే బండి మాట్లాడుకుంటే కిరాయి సగానికి తగ్గింది.

డబ్బు ఎలా వచ్చిందంటే, తలా పది రూపాయల చొప్పున ఇష్టపడిన 140 మంది ఇచ్చారు, 1,400. ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు 2,500 పంపారు. మిగిలిన 2,200 మేము పెళ్ళిళ్ళలో వడ్డనకు వెళ్ళి సంపాదించాము. కార్తీక మాసం ముహూర్తాలు కలిసి వచ్చాయి.

అందరూ సంతోషంగా ఇచ్చారని రాస్తే అబద్ధం. ఇంటర్ తమ్ముడు ఒకడు భోజనాల దగ్గర లేచి నిలబడి, మా అమ్మకు స్కానింగ్ తీయించడానికి పదిహేను వందలు లేక మూడు నెలలు ఆగాము అన్నా, కుక్కకు ఆరు వేలా అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఎదురు మాట్లాడే హక్కు మాకు లేదనిపించింది. ఆ రోజు కూర్చుని రెండు నియమాలు పెట్టుకున్నాము. స్కాలర్‌షిప్ డబ్బు, మెస్ సరుకు బుడమ్మకు ముట్టుకోకూడదు. ఎవరినీ రెండోసారి అడగకూడదు. ఆ తమ్ముడి దగ్గర పది రూపాయలు తీసుకోలేదు. వాళ్ళ అమ్మగారి మిగతా పరీక్షలకు మాలో ఒకరు ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్ళారు. అతను ఇప్పటికీ బుడమ్మ దగ్గరకు రాడు. అది అతని ఇష్టం.

కోడిగుడ్డు మాత్రం ఇచ్చేవాళ్ళు ఇచ్చారు. మన హాస్టల్ భోజనంలో కుక్కకు పనికిరానివి రెండు ఉన్నాయని అప్పుడు తెలిసింది. సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. రెండోది పెరుగన్నం. పెరుగు, పాలు మామూలుగా మంచివే కానీ డాక్సీసైక్లిన్‌తో కలిపి ఇస్తే వాటిలోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. కాబట్టి ఉట్టి అన్నంలో ఉడికించిన గుడ్డు నలిపి, అందులో కాప్సూల్ పెట్టి, తర్వాత తప్పకుండా నీళ్ళు తాగించేవాళ్ళము. నీళ్ళు లేకపోతే కాప్సూల్ గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది. మనుషులకు కూడా ఇంతే.

మందులన్నింటికన్నా కష్టమైనది కదలకుండా ఉంచడం. చచ్చిన పురుగు ముక్కలు రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తి నాళాలలో అడ్డుపడతాయి. కుక్క పరుగెత్తితే, ఎగిరితే గుండె వేగం పెరిగి ఆ ప్రమాదం ఎక్కువవుతుంది. రెండు వందల మంది మగపిల్లలు సాయంత్రం వాలీబాల్ ఆడే చోట ఒక కుక్కను పరుగెత్తకుండా ఆపడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. స్టోర్ రూమ్ వెనక పాత మంచాలతో దడి కట్టి, ఆట అయ్యేదాకా వంతులవారీగా ఒకరు దాని పక్కన కూర్చుని చదువుకునేవారు. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యే అన్న ఒకరు అక్కడే పాలిటీ పూర్తి చేశారు.

హాస్టల్ సెలవుల్లో మూతపడుతుంది, వైద్యం మూతపడదు. ఇదే మాకు పెద్ద సమస్య అయింది. 2025 వేసవిలో వాచ్‌మన్ తాత, నేను చూస్తానులే అని తన ఇంటికి తీసుకెళ్ళారు. సెలవులు అయినా బుడమ్మ అక్కడే ఉండిపోయింది. అది మంచిదే అయింది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి వీధికుక్కలను తీసి, టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి షెల్టర్లలో ఉంచాలని ఆదేశించింది. బుడమ్మ అప్పటికి వీధికుక్క కాదు, హాస్టల్ ఆవరణలోనూ లేదు. తాత ఇంటి కుక్క. ఆపరేషన్ మాత్రం గుండె కుదుటపడ్డాక చేద్దామని డాక్టర్లు ఆపారు. మత్తు ఇవ్వడం ఇప్పుడు మంచిది కాదట.

వేరే ఊళ్ళలో ఉన్న పూర్వ విద్యార్థుల కోసం కొన్ని చిరునామాలు. ఆంధ్రప్రదేశ్‌లో పశువైద్య కళాశాలలు గన్నవరంతోపాటు తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడిలలో ఉన్నాయి. తిరుపతిది 1955 నాటిది. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఇవి దూరమైతే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం ముఖ్యంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం. కుక్కల కోసం దాని మీద ఆధారపడలేము. విశాఖలో 1996 నుండి వి.ఎస్.పి.సి.ఎ., హైదరాబాద్‌లో 1992 నుండి బ్లూ క్రాస్ అనే స్వచ్ఛంద సంస్థలు వీధి జంతువులకు వైద్యం చేస్తున్నాయి. ఎక్కడికి వెళ్ళినా పాత చీటీలు, ఎక్స్‌రే, బరువు రాసిన కాగితం తీసుకెళితే చేసిన పరీక్షే మళ్ళీ చేయించే ఖర్చు తప్పుతుంది.

2025 ఏప్రిల్‌లో బుడమ్మ రక్తంలో పురుగు పిల్లలు లేవు. యాంటిజెన్ కిట్‌లో మాత్రం రెండో గీత స్పష్టంగానే వచ్చింది. అక్టోబరులో మళ్ళీ చేస్తే ఆ గీత వెలుతురులో పట్టి చూస్తేగాని కనపడనంత సన్నగా ఉంది. బరువు 14 కిలోలు అయింది కాబట్టి ఐవర్‌మెక్టిన్ మోతాదు 84 మైక్రోగ్రాములకు మార్చారు. దగ్గు తెల్లవారుజామున తప్ప రావడం లేదని తాత చెబుతున్నారు. తర్వాతి పరీక్ష 2026 ఏప్రిల్‌లో. కిట్‌కు కావలసిన 1,600లో ఇప్పటికి 900 జమ అయింది. ప్రతి నెల ఐదో తేదీ మందు రోజు. ఆ పని ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముళ్ళు ఇద్దరు చూస్తున్నారు, తేదీల పట్టిక తాత ఇంటి తలుపు వెనక అంటించి ఉంది.